చేతిలోంచి తీసుకున్న పెన్ను

ఎడిసన్,
ఆగస్టు నెలాఖరు.

చి. రాగిణికి,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ మీరిద్దరూ బాగున్నారని అనుకుంటున్నాను. ఇక మర్యాదలు అయిపోయాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నువ్వు ఆశ్చర్యపోతావు. ఫోన్‌లో అయితే నువ్వు మెత్తగా మాట్లాడి మాట దాటేస్తావు, నేను కోపం వచ్చి కట్ చేస్తాను. తర్వాత ఎవరు ఏమన్నారో ఇద్దరికీ గుర్తుండదు. కాగితం మీద ఆ సౌకర్యం లేదు. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి. టెక్స్ట్ మెసేజీలు పంపొద్దు, వాటిని చెరిపేయొచ్చు.

మా తమ్ముడి సంవత్సరీకం నువ్వు పద్ధతిగా జరిపించావు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కానీ మర్నాడు మీ స్నేహితురాలు నమ్రత ఇంట్లో అందరం కలిసి భోజనాలన్నావు చూడు, దాని గురించే ఈ ఉత్తరం. బేస్‌మెంట్‌లోకి దిగి చూద్దును కదా, మడత బల్లల మీద ఒక వైపు పులిహోర, దద్దోజనం, ఇంకో వైపు కాగితాల దొంతరలు. కోటు వేసుకున్న లాయరమ్మ ఒకావిడ, ముద్ర పట్టుకున్న నోటరీ ఒకాయన. నాలుగు కుటుంబాల వాళ్లు ఒకరి విల్లుకి ఒకరు సాక్షి సంతకాలు పెట్టుకుంటున్నారు, పేరంటంలో తాంబూలాలు ఇచ్చుకున్నట్టు. రాజీవ్ పోయాక అందరికీ భయం పట్టుకుందనీ, ఎవరికి వాళ్లు వెళ్లాలంటే ఏళ్లు గడిచిపోతాయనీ, అందుకే తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లా కలిసి పెట్టుకున్నామనీ నమ్రత చెప్పింది. సరే అనుకున్నాను.

నీ వంతు వచ్చింది. సాక్షులు ఎవరని లాయరమ్మ అడిగింది. నేను నీ పక్కనే ఉన్నాను, బల్ల మీది పెన్ను తీసుకున్నాను. నువ్వు నా చేతిలోంచి ఆ పెన్ను తీసేసుకుని, "మీరు వద్దు వదినా" అని, ఎవరో రోహన్ అట, నమ్రత వాళ్ల పక్కింటి అబ్బాయి, అతని చేతిలో పెట్టావు. అతని పేరు కూడా నీకు సరిగ్గా తెలియదు. నేను నీ మొగుడి అక్కని. అందరూ చూశారు. మా ఆయన, మీ అన్నయ్య పద్మనాభం గారు కూడా చూశారు, ఆయన ఏదీ చూడరు, అయినా చూశారు.

నాకు మీ ఇల్లు వద్దు, మీ బంగారం వద్దు. నేను అడిగేది ఒక్కటే. దేవుడు అలా చేయకూడదు గానీ, రేపు నీకేదైనా అయితే హంసిక ఎవరి దగ్గర పెరుగుతుంది? తండ్రి ఎలాగూ లేడు. ఆ కాగితంలో ఎవరి పేరు రాశావు? పెన్ను లాక్కున్నావంటే అందులో నా కంట పడకూడని పేరు ఏదో ఉంది. టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉన్న మీ తమ్ముడు అవినాష్ పేరే అయి ఉంటుంది. అవునో కాదో రాయి.

మీ వదిన,
రాధారాణి

*

ట్రాయ్,
సెప్టెంబర్.

రాధారాణి వదిన గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. పోస్టులో వచ్చే ప్రకటనల కూపన్ల మధ్య చేతిరాతతో ఉన్న కవరు చూసి హంసిక, "మమ్మీ, ఇది రియల్ మెయిలా?" అని అడిగింది. స్టాంపు కత్తిరించి దాచుకుంది.

పెన్ను తీసుకోవడం మీకు బాధ కలిగించిందని నాకు ఆ క్షణమే తెలిసింది. కారణం లేకుండా చేయలేదు. ఆ కారణం ఇప్పుడే చెప్పలేను. మీరు నా మీద ఇంకా కోప్పడతారని తెలిసే రాస్తున్నాను.

బేస్‌మెంట్‌లో ఆ తతంగం ఎందుకో మాత్రం చెబుతాను. రాజీవ్‌కి ఏ జబ్బూ లేదు. ఆఫీసు నుంచి వచ్చి షూ విప్పుకుంటూ పడిపోయాడు. అంతకు ముందు ఒకసారి నేను విల్లు మాట ఎత్తితే, శుభమా అని కొత్త కారు కొంటున్నప్పుడు ఆ మాటలెందుకన్నాడు. నేనూ నాలిక కరుచుకుని దేవుడికి దండం పెట్టాను. మన ఇళ్లలో అందరూ చేసేది అదే కదా. ఇల్లేమో పెళ్లికి ముందు ఒక్కడి పేరు మీద కొన్నది. విల్లు లేదు కాబట్టి అందులో ఒక భాగం హంసికది అన్నారు. మైనర్ కాబట్టి దానికి కాపలా మనిషిని కోర్టు పెట్టాలట. ఆ కాపలా మనిషిని నేనే అయినా ఏటా కోర్టుకి సంజాయిషీ ఇవ్వాలట. జడ్జి మంచాయనే. "ఈ పాపకి మీరు ఏమవుతారు?" అని అడిగాడు. రికార్డు కోసం అడిగాడని తెలుసు. అయినా పార్కింగ్ లాట్‌కి వచ్చి కార్లో కూర్చుని ఏడ్చాను.

నేను కూడా రాసిపెట్టకుండా పోతే, ఆ గదిలో హంసిక కోసం ఎవరు నిలబడాలో ఆమె ముఖం ఎప్పుడూ చూడని మనిషి తేల్చాలి. అది నేను భరించలేను. అందుకే రాశాను.

వదినా, మిమ్మల్ని కొన్ని విషయాలు అడగాలని ఉంది. ధృవ్ చిన్నప్పుడు అబద్ధం చెబితే మీరేం చేసేవారు? రాత్రి పడుకోవడానికి స్నేహితుల ఇళ్లకి, స్లీప్‌ఓవర్‌కి పంపేవారా? పూజలో కూర్చోనని మొండికేస్తే? వాడు కాలేజీకి వెళ్లిపోయాడు కదా, వాడి గది ఖాళీగానే ఉందా?

మీ ఆరోగ్యం జాగ్రత్త. అన్నయ్య గారికి నమస్కారాలు చెప్పండి.

రాగిణి

*

ఎడిసన్,
అక్టోబర్ మొదటి వారం.

చి. రాగిణికి,

నేను ఒక ప్రశ్న అడిగితే నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. నా ప్రశ్నకి జవాబు మాత్రం లేదు. ఇదే ఫోన్‌లో అయితే నేను గమనించేదాన్ని కాదు. చూశావా, ఉత్తరమే మేలు.

ఆ ప్రశ్నలేమిటి? వీసా ఇంటర్వ్యూకి వెళ్లినట్టుంది. ధృవ్ గది ఖాళీగా ఉంటే నీకేం పని? ఎవరిని దింపాలని చూస్తున్నావు? ఆ గదిలో ప్రస్తుతం మీ అన్నయ్య ట్రెడ్‌మిల్ ఉంది. దాని మీద ఆయన తువ్వాళ్లు ఆరేసుకుంటారు. ఈ సమాచారం నీకు ఎందుకు పనికొస్తుందో నాకు తెలియాలి.

ఇంకో సంగతి. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో హంసికే చెప్పింది, నేను అడగలేదు. "అత్తా, ఒక లేడీ వచ్చి మన హౌస్ అంతా ఫొటోస్ తీసింది. అవినాష్ మామ వచ్చాడు. మామ, మమ్మీ డోర్ క్లోజ్ చేసి టాక్ చేశారు. తర్వాత మామ శాడ్‌గా ఉన్నాడు." తొమ్మిదేళ్ల పిల్ల కల్పించి చెప్పదు. ఇల్లు ఫొటోలు తీశారంటే అమ్మకానికి పెడుతున్నావన్నమాట. మీ తమ్ముడు ఇర్వింగ్ నుంచి పని మానుకుని వచ్చాడంటే మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లడానికి వచ్చాడన్నమాట. ఆ విచారం ఎందుకో మాత్రం నాకు అంతు పట్టలేదు. కావలసింది దక్కినవాడు ముఖం వేలాడేసుకుని ఎందుకుంటాడు? నటించి ఉంటాడు.

మళ్లీ పెళ్లి ఆలోచన ఉంటే అదీ దాచకు. నీకు ముప్పై ఎనిమిదేళ్లు, నేను అడ్డం రాను. కానీ ఆ మనిషి పేరు, పని చేసే చోటు ముందు నాకు పంపు. ఎడిసన్‌లో కూర్చుని ఎవరి గురించైనా కనుక్కోగలను. ఓక్ ట్రీ రోడ్డులో మనవాళ్ల దుకాణాల్లో కూరగాయలు కొనేలోపు మనకి తెలియని సంగతి ఉండదు.

హంసిక ముక్కు మా తమ్ముడిది. నవ్వితే కనిపించే ఆ వంకర పన్ను మా తమ్ముడిది. ఆ పిల్లని టెక్సస్ పట్టుకెళ్లి నాకు దూరం చేస్తే నేను తట్టుకోలేను. ఇది కోపంగా కాదు, మామూలుగానే రాస్తున్నాను.

రాధారాణి

*

ట్రాయ్,
అక్టోబర్ చివర.

వదిన గారికి,

హంసిక తనంతట తానే చెప్పిందని రాశారు. నేను దాన్ని అడిగాను. "ఇంటికి ఎవరెవరు వస్తున్నారమ్మా, మమ్మీ ఎవరితో మాట్లాడుతోంది" అని అత్త ప్రతి ఆదివారం అడుగుతుందని చెప్పింది. అదేదో ఆట అనుకుంటోంది. వారమంతా గుర్తు పెట్టుకుని మీకు చెబుతోంది.

నా బిడ్డని నా మీద కాపలా పెట్టకండి.

మీరు నన్ను నమ్మరని నాకు కొత్తగా తెలిసింది కాదు. మా పెళ్లప్పుడు మా వరంగల్ ఇంటి చుట్టుపక్కల నలుగురిని విచారించారని రాజీవ్ నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. కానీ ఒక మాట మాత్రం నవ్వులోకి తీసుకోలేకపోయాను. కర్మలు ముగిసిన మర్నాడు మా వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, "పిల్ల మా ఇంటి పిల్ల. నువ్వు నీ ఉద్యోగం చూసుకో, దాన్ని మేం ఎడిసన్ తీసుకెళ్లి పెంచుకుంటాం" అన్నారు. నేను బతికే ఉన్నాను వదినా. అతను పోయి రెండు వారాలు కాలేదు, మీరు నా కూతుర్ని అడిగారు. ఆ రోజు నుంచి మీరు ఏ కబురు చేసినా, అడుగున ఆ మాట ఉందేమో అని వెతుక్కుంటున్నాను. అనుమానం మీకొక్కరికే సొంతం కాదు.

ఫొటోలు తీసిన ఆవిడ ఇంటికి విలువ కట్టడానికి కోర్టు పని మీద వచ్చింది. ఇల్లు అమ్మడం లేదు. పెళ్లీ లేదు. నా వీసా నా ఉద్యోగం మీద ఉంది, నా ఉద్యోగం ఇక్కడ ఉంది. టెక్సస్ వెళ్లడం లేదు. అవినాష్ ఎందుకు విచారంగా ఉన్నాడో అది అక్కాతమ్ముళ్ల మధ్య మాట.

నేను అడిగిన నాలుగు ప్రశ్నలకి జవాబు రాయడం ఇష్టం లేకపోతే మానేయండి. అది కూడా నాకు జవాబే.

రాగిణి

*

ఎడిసన్,
థాంక్స్‌గివింగ్ మర్నాడు.

రాగిణికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రెండుసార్లు జవాబు రాసి చించేశాను. రెండింటిలోనూ తిట్లే ఉన్నాయి.

సెలవులకి ధృవ్ వచ్చాడు. మన గొడవ వాడికి మీ అన్నయ్య చెప్పారట. వాడు నాతో అన్నాడు, "అమ్మా, నువ్వు ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలా ఉంటావు. రాగిణి అత్త పన్నెండేళ్లుగా మన ఫ్యామిలీ. ఇంకా బెల్టు విప్పి నిలబడాలా?" నేను వాడికి అన్నం పెట్టాను. వాడు మరీ పెద్దవాడైపోయాడు.

వంటింట్లో ఆ మాట అన్నాను. అప్పటికి నువ్వు అన్నం ముట్టి ఎన్నాళ్లైందో నీకే తెలియదు. పిల్ల మూడు పూటలా సీరియలే తింటోంది, అదీ పాలు లేకుండా. నేను చూస్తూ ఎలా ఉండేది? తమ్ముణ్ణి ఎలాగూ దక్కించుకోలేకపోయాను.

హంసికని ఇక ఏమీ అడగను. పోయిన ఆదివారం స్కూలు బ్యాండ్‌లో ట్రాంబోన్ బూర నేర్చుకుంటున్నానని వాయించి వినిపించింది. భరించలేకపోయాను, బాగుందని చెప్పాను. మీ ఇంటి సంగతి ఒక్కటి కూడా అడగలేదు. కావాలంటే అడిగి చూసుకో.

ఇక నీ ప్రశ్నలు. ఎందుకు అడుగుతున్నావో నాకు ఇంకా అనుమానమే. అయినా రాస్తున్నాను.

ధృవ్ అబద్ధం చెబితే ముందు నమ్మినట్టు నటించేదాన్ని. రెండు రోజులు మామూలుగా ఉండి, వాడు మర్చిపోయాక అదే సంగతి మళ్లీ అడిగేదాన్ని. పిల్లలు అబద్ధాన్ని రెండోసారి ఒకేలా చెప్పలేరు. కొట్టలేదు ఎప్పుడూ.

స్లీప్‌ఓవర్ సంగతంటావా, ముందు ఆ తల్లికి ఫోన్ చేసేదాన్ని. తండ్రిని ఒకసారి చూసేదాన్ని. ఇంట్లో అన్నలు, బాబాయిలు, అద్దెకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కునేదాన్ని. అన్నీ బాగున్నా పంపేదాన్ని కాదు. ఆ పిల్లల్నే మా ఇంటికి రమ్మని పిలిచి పిజ్జా పెట్టేదాన్ని.

పూజలో కూర్చోనంటే ప్రసాదానికి పిలిచేదాన్ని. దానికి రాని పిల్లలు లేరు.

గది సంగతి ముందే రాశాను. ట్రెడ్‌మిల్ తీసేయడం ఒక పూట పని.

రాధారాణి

*

ట్రాయ్,
డిసెంబర్.

ప్రియమైన వదినకి,

మీ ఉత్తరం ఆఫీసు పార్కింగ్‌లో చదివాను, ఇంటి దాకా ఆగలేక. బయట మంచు పడుతోంది. లోపల ఒక్కదాన్నే కూర్చుని, "అన్నీ బాగున్నా పంపేదాన్ని కాదు" దగ్గర పైకే నవ్వేశాను. రాజీవ్ పోయాక అలా నవ్వడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

ఇక దాచను. విల్లులో ఎవరి పేరు ఉంటే వాళ్లు సాక్షి సంతకం పెట్టకపోవడమే మంచిదని లాయర్ ముందే చెప్పింది. రేపు ఎవరైనా వేలెత్తి చూపడానికి వీలు ఇవ్వకూడదంది. ఏ సంబంధమూ లేని మనిషి అయితేనే మేలంది. అందుకే రోహన్.

నా తర్వాత హంసికని పెంచే మనిషిగా నేను రాసింది మీ పేరు, వదినా. మీరు పెన్ను తీసుకునేసరికి నాకు కంగారు పుట్టింది. అంతమంది ముందు కారణం చెప్పలేక లాక్కున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. చెబితే మీరు ఆ రోజు నుంచే పిల్లని మీదిగా చూస్తారని భయపడ్డాను. నేను బతికి ఉండగానే నా చేతిలోంచి జారిపోతుందేమో అనిపించింది. మీ మొదటి ఉత్తరం చదివాక, రాసింది మార్చేద్దామనే అనుకున్నాను. మనం బతికున్నంత కాలం మార్చుకోవచ్చట. మార్చాలా వద్దా తేల్చుకోలేకే ఆ ప్రశ్నలు అడిగాను. మీరు వీసా ఇంటర్వ్యూ అన్నది నిజమే.

అవినాష్‌ని కాదన్నానని వాడికి ఎదురుగా చెప్పాలని పిలిపించాను. "పాపను నేను చూస్కోనా అక్కా? నన్ను నమ్మవా?" అన్నాడు. వాడు నటించలేదు, నిజంగానే ఏడ్చాడు. హంసిక అంటే వాడికి ప్రాణం. కానీ వాడు ఎవరినైనా నమ్ముతాడు వదినా. జిమ్‌లో పరిచయమైన మనిషికి అపార్ట్‌మెంట్ తాళాలిచ్చి ఇండియా వెళ్లాడు. అలాంటి మంచివాడి ఇంట్లో నా కూతురు పెద్దదవుతుంటే, దాని చుట్టూ ఎవరెవరు చేరతారో ఎవరు చూస్తారు?

మీరు చూస్తారు. దాని స్నేహితుల్ని, వాళ్ల నాన్నల్ని, టీచర్లని, రేపు దాన్ని ప్రేమిస్తున్నానని వచ్చేవాణ్ణి, అందరినీ అనుమానిస్తారు. నన్ను అనుమానించినట్టే. పన్నెండేళ్లు ఆ చూపు నా మీద ఉంటే చచ్చేంత విసుగ్గా ఉండేది. నేను లేని రోజు అది నా బిడ్డ మీద ఉంటుందంటే నాకు నిద్ర పడుతోంది.

నాకు ఏ జబ్బూ లేదు. అది కూడా మీరు అనుమానిస్తారని రాస్తున్నాను. పేరు మార్చలేదు. మీకు ఇష్టం లేకపోతే మాత్రం చెప్పండి, మారుస్తాను.

మీ
రాగిణి

*

ఎడిసన్,
జనవరి.

చి. రాగిణికి,

నీ ఉత్తరంలో మెలిక ఎక్కడుందా అని చాలాసార్లు చదివాను. దొరకలేదు. మీ అన్నయ్యకి ఇచ్చి చదవమన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ట్రెడ్‌మిల్ బేస్‌మెంట్‌లోకి దింపడానికి పక్కింటి అబ్బాయిని పిలిచారు. ఇప్పటి నుంచి ఎందుకండీ, రాగిణి నిండు నూరేళ్లూ ఉంటుంది అని నేను కేకలేశాను. అయినా దింపేశారు. గది గోడకి రంగు వేయించాలి. హంసికకి ఏ రంగు ఇష్టమో నువ్వే చెప్పు, నేను దాన్ని అడగనని మాటిచ్చాను కదా.

నన్ను ఎంచుకున్నది నా మంచితనం చూసి కాదని అర్థమైంది. పరవాలేదు. నన్ను చాలామంది చాలా అన్నారు గానీ, నా అనుమానం ఒకరికి పనికొస్తుందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఉత్తరం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఇది ధృవ్‌కి చెప్పకు.

నాకు ఇష్టమే. ఆ మాట విడిగా రాయాలి కాబట్టి రాస్తున్నాను. నువ్వు ఉన్నన్నాళ్లూ హంసిక నీ కూతురు. నేను అత్తని, అంతే. ట్రాంబోన్ కూడా వింటాను.

జబ్బు లేదన్నావు. ఒకసారి చెకప్ చేయించుకుని ఆ కాగితాలు పంపు.

ఇంకో సంగతి. మీ ట్రాయ్ వాళ్ల కథ ఇక్కడ నలుగురికి చెప్పాను. అందరికీ అదే భయం పట్టుకుంది. మార్చిలో మా బేస్‌మెంట్‌లో పెట్టుకుంటున్నాం. లాయర్ కుదిరాడు, అతని గురించి మూడు చోట్ల విచారించాను. నేను పులిహోర చేస్తున్నాను. మా విల్లులు ఇప్పటికే రాయించాం, సంతకాలే మిగిలాయి. వాటితో పాటు ఇంకో కాగితం కూడా రాయించాలట. నేను మాట్లాడలేని స్థితిలో ఆసుపత్రిలో పడి ఉంటే, నా తరఫున డాక్టర్లకి అవునో కాదో చెప్పే మనిషి పేరు అందులో ఉండాలట. మీ అన్నయ్య సూది చూస్తేనే కళ్లు మూసుకుంటారు. ధృవ్ పసివాడు. లాయర్ నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. ఎవరిని నమ్మాలని ఎక్కువసేపు ఆలోచిస్తానని అనుకున్నాడు పాపం. వెంటనే చెప్పేశాను.

నువ్వూ హంసికా తప్పకుండా రావాలి. టికెట్లు నేను బుక్ చేస్తాను. సాక్షులకి మా వీధిలోని కృతి వాళ్లు ఉన్నారు, ట్రెడ్‌మిల్ దింపిన సాయి తేజ ఉన్నాడు. బల్ల మీద పెన్నులు చాలా ఉంటాయి.

నువ్వు మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోకు.

మీ వదిన,
రాధారాణి